అడిగానంతే

మార్చి 3, సోమవారం

మా ఆవిడ నాటకంలో వేస్తోంది. మా ఇంట్లో ఇక అదొక్కటే తక్కువ.

పోస్టాఫీసు కౌంటర్లో పన్నెండేళ్ళు ముద్రలు గుద్దిన మనిషికి ఇప్పుడు స్టేజీ ఎక్కాలని ఎందుకు పుట్టిందో నాకు తెలియదు. వద్దన్నానా? అనలేదు. "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట నేను ఎలా అన్నానో ఆవిడకి తెలుసు. తెలిసే వెళ్ళింది.

నన్నూ పిలిచారు, ఫోటోలు తీయడానికి. నిజం చెప్పొద్దూ, పిలిచినందుకు సంతోషించాను. బయట నిలబడి ఊహించుకునే బాధ తప్పింది.

నాటకం వేయించేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరూ హెడ్డమ్మ అంటారు. ఆవిడ పద్ధతి వేరు. మొదటి మూడు వారాలు ఎవరికీ డైలాగులు ఇవ్వదట. ఒక ఇల్లు, అందులో ఒక మొగుడూ పెళ్ళాం, అంతవరకే చెప్పింది. వేషాలు చూసుకునే టైలరక్క దగ్గర రెండు పెట్టెల నిండా పాత బట్టలున్నాయి. అవి వేసుకుని నిలబడాలి, కూర్చోవాలి, నడవాలి. నేను ఫోటోలు తీయాలి. వాటిని గోడకి కట్టిన దారానికి క్లిప్పులతో తగిలిస్తారు. ఎవరి ఫోటోలు వాళ్ళు రోజూ చూసుకోవాలి. ఏదో ఒక ఫోటోలో తను కాక ఇంకెవరో కనపడతారట. ఆ మనిషే పాత్ర. మాటలు ఆ తర్వాత పుడతాయట.

"మాటలు ముందు ఇస్తే నోటితో నటిస్తారు బాబూ. బట్టలు ముందు ఇస్తే వీపుతో నటిస్తారు" అంది హెడ్డమ్మ. నేను తల ఊపాను. పాస్‌పోర్ట్ ఫోటోలు తీసేవాడికి వీపులతో ఏం పని?

మార్చి 4, మంగళవారం

మా ఆవిడది పెళ్ళాం వేషం, మొగుడి వేషం మందుల షాపతనికి ఇచ్చారట. చాలా మామూలుగా చెప్పింది. మరీ మామూలుగా చెప్పింది.

మార్చి 6, గురువారం

చూశాను వాణ్ణి. బస్టాండు పక్కన మందుల షాపు వాడిదే. ఇన్నాళ్ళూ దగ్గు మందు కోసం వాడి దగ్గరికే వెళ్ళానంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. ఆరడుగుల మనిషి, దుబ్బులాంటి జుట్టు. "భోజనం తర్వాత రెండు చెంచాలు" అని కూడా రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించి చెబుతాడు. నేను వాడికి కషాయం అని పేరు పెట్టాను. ఇక్కడ రాసుకోవడానికే. బయట గారు అనే అంటాను.

రిహార్సల్ పాత ప్రెస్సు వెనక హాల్లో. అక్కడ ఇంకా సిరా వాసన పోలేదు. మా ఆవిడ ముందు నీలం చీర కట్టుకుంది, తర్వాత మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టర్ వేసుకుంది, ఆ తర్వాత నర్సు గౌను. ఎందులో నిలబడ్డా పోస్టాఫీసులోంచి ఇప్పుడే వచ్చినట్టుంది. కషాయం చారల ప్యాంటు వేసుకుని, అది మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోతే, అలాగే అటూ ఇటూ నడిచాడు. మా ఆవిడ పడీ పడీ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వింది.

స్టూడియోకి వచ్చి లెక్కపెట్టాను. నూట పద్నాలుగు ఫోటోలు. ముప్పయ్యొక్క ఫోటోల్లో ఆవిడ వాడి వైపు చూస్తోంది. మిగతావాటిలో టైలరక్క వైపు, గోడ వైపు, నేల వైపు. నా వైపు చూసినవి రెండు. ఆ రెండింటిలోనూ నవ్వు లేదు.

కెమెరా వెనక ఉన్న మనిషిని చూసి ఎవరు మాత్రం ఎందుకు నవ్వుతారు? అదీ నిజమే.

మార్చి 9, ఆదివారం

పొద్దున కాఫీ ఇస్తూ, "నాకు పాత్ర ఎక్కడా దొరకడం లేదండీ" అంది. మొహం వేలాడేసుకుంది. చాలామందికి ఎంతో కొంత దొరికిందట, ఈవిడకి లేదట.

"మరి ఆ షాపతనికి దొరికిందా?" అన్నాను.

"ఆయనకీ దొరకలేదు. ఇద్దరం వెతుక్కుంటున్నాం."

ఇద్దరం అట. "ఎక్కడ వెతుక్కుంటున్నారు?" అన్నాను నవ్వుతూ.

కప్పు కిందపెట్టి నా వైపు చూసింది. "ఫోటోల్లోనండీ. ఇంకెక్కడ?"

"అడిగానంతే" అన్నాను. ఇందులో తప్పేముంది? భార్యాభర్తలన్నాక ఒకరినొకరు అడగరా? మధ్యాహ్నం వదిన వచ్చింది, ఆవిడ అక్క. అక్కాచెల్లెళ్ళిద్దరూ వంటింట్లో గుసగుసలాడారు. నేను మంచినీళ్ళకి వెళ్తే ఆపేశారు. మళ్ళీ వెళ్తే మళ్ళీ ఆపేశారు. ఇవాళ ఎన్ని నీళ్ళు తాగానో లెక్కలేదు.

మార్చి 11, మంగళవారం

ఇవాళ హెడ్డమ్మ కొత్త పని చెప్పింది. "నువ్వు చూస్తున్నావని తెలిస్తే ఎవరూ మామూలుగా నిలబడటం లేదు బాబూ. నువ్వు లేకుండా నీ కెమెరా ఫోటోలు తీయగలదా?"

తీయగలదు. స్టాండు మీద పెట్టి టైమర్ పెట్టాను. పది సెకన్లకొకటి, దానంతటదే తీసుకుంటుంది. చప్పుడు కూడా ఉండదు. అందరూ కాసేపట్లో దాని సంగతి మర్చిపోయారు.

టీ విరామంలో ఆవిడ ఫోన్ మోగింది. చూసుకుని, హాలు దాటి బట్టల గది గుమ్మం దాకా వెళ్ళి మాట్లాడింది. ఇక్కడ మాట్లాడకూడదా? కషాయం కూడా అప్పుడే ఎటో వెళ్ళాడు. నేను కోటు వేసుకుని (హాల్లో చలిగా ఉంది, అందుకే) మెల్లిగా వెళ్ళాను.

"ఎవరు?"

"అక్క."

"ఏమంటోంది?"

"ఏముంది, ఊరికే."

"ఏదీ, ఇలా ఇవ్వు" అన్నాను. గట్టిగా అనలేదు. నవ్వుతూనే అన్నాను. ఇచ్చింది. చూశాను. వదినే. "అడిగానంతే" అని తిరిగి ఇచ్చేశాను. అక్కడితో అయిపోయింది. మేం ఏనాడూ పోట్లాడుకోం. మా వీధిలో మాలాంటి జంట లేదని అందరూ అంటారు.

స్టూడియోకి వచ్చేసరికి స్కూలు పిల్లలు ఒక క్లాసు మొత్తం ఐడీ కార్డు ఫోటోల కోసం వరస కట్టి ఉన్నారు. ఊపిరాడలేదు. హెడ్డమ్మ మనిషి వస్తే మెమరీ కార్డు అలాగే తీసిచ్చేశాను. ఎప్పుడూ అలా ఇవ్వను. ముందు నేను చూసి, పనికిరానివి తీసేసి ఇస్తాను.

మార్చి 12, బుధవారం

"దొరికింది" అంది ఇంట్లోకి వస్తూనే.

ఏం దొరికిందో అర్థం కాలేదు. పాత్రట. నిన్నటి ఫోటోల్లో దొరికిందట. ఇద్దరికీ ఒకే ఫోటోలో దొరికిందట. హెడ్డమ్మ దాన్ని చూసి వెంటనే పెద్దది చేయించమందట.

ఇద్దరికీ. ఒకే ఫోటోలో.

"ఏదీ, నేనూ చూస్తాను" అన్నాను. "నాటకం తయారయ్యేదాకా ఎవరికీ చూపించొద్దంది హెడ్డమ్మ" అంది. తీసిన కెమెరా నాది, చూడటానికి మాత్రం నేను పనికిరాను. కార్డు కూడా ఇంకా తిరిగి ఇవ్వలేదు. ఆ ఫోటోలో వీళ్ళిద్దరూ ఎలా ఉండి ఉంటారు? ఎంత దగ్గరగా?

ఆవిడ సంతోషంగా కూడా లేదు. అదే నాకు ఇంకా భయంగా ఉంది. ఊరికే సరదా అయితే మొహం వెలిగిపోవాలి. అన్నం కెలుకుతూ కూర్చుంది. మనసు ఎక్కడో ఉంది.

మార్చి 13, గురువారం

నా కోటు అడిగింది, కషాయం వేసుకోవడానికి. టైలరక్క పెట్టెల్లో అరడజను కోట్లున్నాయి, నేనే చూశాను. అవి కాదట. ఇదేనట. నా గోధుమరంగు కోటే కావాలట.

"ఎందుకు?" అన్నాను.

"పాత్రకి అదే సరిపోతుంది."

ఆ కోటు నాకు ఆవిడే కుట్టించింది, పెళ్ళైన రెండో ఏడు. గుడ్డ తనే ఎంచింది. కాలరు దగ్గర కాస్త అరిగితే తనే సరిచేసింది. ఇప్పుడు దాన్ని వాడి భుజాల మీద వేసి చూసుకుంటుందన్నమాట. వద్దంటే అనుమానం మనిషినంటుంది. మడతపెట్టి ఇచ్చాను. జేబు రుమాలు మాత్రం తీసుకున్నాను.

మార్చి 15, శనివారం

వాడు స్టూడియోకే వచ్చాడు, నా కోటులో. ఎంత ధైర్యం.

"నమస్కారమండీ. కోటు చాలా బాగుందండీ. భుజాల దగ్గరే కాస్త బిగుతు."

"నా కొలతకి కుట్టింది" అన్నాను.

"అవునండీ, అందుకే కావాలన్నారు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మీరు జేబులో ఏ చెయ్యి పెట్టుకుంటారండీ?"

ఇదేం ప్రశ్న? కుడిచెయ్యి అన్నాను. వాడు పెట్టుకుని చూశాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నేను కత్తెరతో ఫోటోలు కత్తిరిస్తున్నానే గానీ నా కళ్ళన్నీ వాడి చేతి మీదే ఉన్నాయి.

"ఇంటికి ఎన్నింటికి వెళ్తారండీ? వెళ్ళగానే ముందు ఏం చేస్తారు?"

నా వేళలు కావాలి వీడికి. అర్థం కానంత వెర్రివాణ్ణి కాదు. "నాకొక వేళంటూ లేదు. ఎప్పుడైనా వెళ్తాను. ఏ నిమిషమైనా" అన్నాను, ఒక్కో మాటా ఒత్తి.

"ఎందుకు అడుగుతున్నారు?" అని కూడా అన్నాను.

"అబ్బే, ఊరికేనండీ. అడిగానంతే" అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది. పైకి తీపి, లోపల ఇంకేదో. మనుషుల్ని అలా చూసి నవ్వేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మార్చి 16, ఆదివారం

ఆవిడ లేనప్పుడు పక్కింటావిడని అడిగాను, మధ్యాహ్నాలు ఎవరైనా వస్తున్నారా అని. ఎవరూ రావడం లేదట. పక్కింటావిడకి మధ్యాహ్నం నిద్రెక్కువ.

మార్చి 19, బుధవారం

డ్రెస్ రిహార్సల్ వరకు ఫోటోలు వద్దంది హెడ్డమ్మ. అంటే నన్ను రావద్దని. తలుపేసుకుని ఏం చేస్తున్నారు? ప్రెస్సు ఎదురుగా సైకిల్ షాపు ఉంది. అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. నాకు సైకిల్ లేదు. షాపతను రెండుసార్లు ఏం కావాలని అడిగి, మూడోసారి వదిలేశాడు.

ఏడింటికి అందరూ బయటికొచ్చారు. ఆవిడ ఏడూ పదికి వచ్చింది. వెనకే వాడు. గుమ్మంలో నిలబడి ఏదో చెబుతోంది, వాడు తల వంచి వింటున్నాడు. ఒక కాగితం ఇచ్చింది. వాడు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. నా కోటు జేబులో.

నేను సందులోంచి అడ్డదారిన ఇంటికి ముందే చేరాను. "ఆలస్యమైందేం?" అన్నాను.

"మామూలు వేళకే వచ్చానుగా."

నాకు ఏడుపొచ్చింది. నిజంగా ఏడుపొచ్చింది. మొహం కడుక్కునే నెపంతో కుళాయి తిప్పి నిలబడ్డాను.

మార్చి 22, శనివారం

బొత్తాం ఊడిందని కోటు ఇంటికి తెచ్చింది. కొక్కేనికి తగిలించి స్నానానికి వెళ్ళింది. నేను జేబులు వెతకలేదు. చెయ్యి పెట్టానంతే.

కాగితం ఉంది. ఆవిడ చేతిరాతే. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికి రాగానే మనిషిని చూడడు. గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెడతాడు.

ఎప్పుడూ అరవడు. అరిస్తే తేలిక, తనూ అరవచ్చు.

ఫోన్ అడిగేటప్పుడు నవ్వుతాడు.

అడిగాక చెయ్యి జేబులో పెట్టుకుంటాడు. జవాబు నచ్చాకే బయటికి తీస్తాడు.

తను మంచివాణ్ణని నిజంగా నమ్ముతాడు. ఇది మర్చిపోతే పాత్ర చెడిపోతుంది.

ఆమెకి అతనంటే ఇష్టమే. అదే చిక్కు.

అమ్మయ్య. గుండె మీంచి బండ దించినట్టయింది. ప్రేమలేఖ కాదు, ఏమీ కాదు. నాటకంలో మొగుడి గురించి రాసుకున్న గుర్తులు. అనవసరంగా ఎంత క్షోభపడ్డాను. పాపం, వాడికి ఇలాంటి వేషం వచ్చిందా? చూడబోతే పరమ దుర్మార్గుడి పాత్ర. ఇలాంటివాడితో ఏ ఆడది కాపురం చేస్తుంది? అయినా ఎంత బాగా రాసింది. ఇలాంటి మనుషుల గురించి ఈవిడకి ఎలా తెలుసో. పోస్టాఫీసుకి రకరకాల వాళ్ళు వస్తారు కదా, చూసి ఉంటుంది.

చాలా రోజుల తర్వాత ఇవాళ కడుపు నిండా తిన్నాను. కూర బాగుందన్నాను కూడా. ఆవిడ వింతగా చూసింది.

మార్చి 23, ఆదివారం

బజారు నుంచి రాగానే గుమ్మం దగ్గర చెప్పులు లెక్కపెట్టాను. నేను ఎప్పుడూ లెక్కపెడతాను. అది వేరు.

మార్చి 28, శుక్రవారం

ఇవాళ డ్రెస్ రిహార్సల్. కెమెరా తీసుకుని గంట ముందే వెళ్ళాను. హాల్లో ఎవరూ లేరు. గోడ మీద నేను తీసిన వందల ఫోటోలు లేవు. దారాలు, క్లిప్పులు మాత్రం వేలాడుతున్నాయి. మధ్యలో ఒకటే ఫోటో, పెద్దది చేసి పెట్టారు.

ముందు ఫోటోగ్రాఫర్‌లాగే చూశాను. వెలుగు ఎడమవైపు నుంచి చక్కగా పడింది. గుమ్మం ఫ్రేములో బాగా కుదిరింది. ఎవరు తీశారో గానీ చెయ్యి తిరిగినవాడే అనుకున్నాను.

బట్టల గది గుమ్మానికి ఒక ఆడమనిషి ఆనుకుని ఉంది. ఒక చెయ్యి వెనక చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. ఇంకో చేత్తో ఫోన్ ఇస్తోంది. మడమలు నేలకి ఆనలేదు, వీలుంటే వెనక గదిలోకి వెళ్ళిపోయేదేమో. ఎదురుగా కోటు మనిషి, వీపు మనవైపు. కుడిచెయ్యి జేబులో ఉంది. ఎడమచెయ్యి చాపి ఉంది. సగం చెంపే కనపడుతోంది, ఆ సగంలో నవ్వు ఉంది.

కషాయం భలే నిలబడ్డాడే అనుకున్నాను. అచ్చం ఆ కాగితంలో ఉన్నట్టే. చూడగానే అసహ్యం వేసింది.

అప్పుడు నడినెత్తి చూశాను. రూపాయి బిళ్ళంత బట్టతల. కషాయానికి జుట్టు దుబ్బులా ఉంటుంది.

నా నడినెత్తి నేనెప్పుడూ చూసుకోలేదు. చెయ్యి పెట్టి తడుముకున్నాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక ఆవిడ వచ్చి ఉంది. నాటకంలో కట్టుకునే పాత నీలం చీరలో ఉంది.

"ఇదెవరు తీశారు?" అన్నాను.

"మీరే. ఆ రోజు టైమర్ ఆపలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "పదేళ్ళుగా చెబుతూనే ఉన్నానండీ. నేనేం చెప్పినా మీరు వినరు. నిజమా అబద్ధమా అని చూస్తారు."

కుడిచెయ్యి జేబులో ఉందని నాకు అప్పుడు తెలిసింది. బయటికి తీశాను. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 29, శనివారం

ఏమీ రాయలేను.

మార్చి 30, ఆదివారం

మొదటి ప్రదర్శన అయింది. పనికి ఒప్పుకున్నాను కాబట్టి వెళ్ళి పక్కగా నిలబడి ఫోటోలు తీశాను. కషాయం నా కోటు వేసుకుని గుమ్మంలోకి వచ్చి, వంగి చెప్పులు చూశాడు. జనం నవ్వారు. ఫోన్ తీసుకుని తిరిగి ఇచ్చి "అడిగానంతే" అన్నాడు. పెద్దగా నవ్వారు. రెండోసారి అన్నప్పుడు కొందరే నవ్వారు. మూడోసారి అన్నప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో ఒకావిడ తన బ్యాగు దగ్గరికి లాక్కుంది.

మా ఆవిడ ఎంత బాగా చేసింది. ఎంత బాగా. ఒక్క అడుగు వెనక్కి వేసింది, అంతే. ఆ అడుగు మా ఇంట్లో రోజూ చూస్తాను. ఆవిడ నడకే అంత అనుకున్నాను.

అయ్యాక బయట వదిన ఆటోతో ఉంది. "ఏడు ఆటలున్నాయి. అయ్యేదాకా అక్క దగ్గరుంటాను" అంది ఆవిడ. బ్యాగు ముందే సర్దుకుంది.

"తర్వాత?" అన్నాను.

ఆటో ఎక్కబోయేది ఆగింది. "నిజంగా అడుగుతున్నారా, ఊరికే అడిగారా?"

నేను బ్యాగు అందుకోబోయాను. తనే పట్టుకుని ఎక్కింది. ఆటోలో కషాయం లేడు, వదిన తప్ప ఎవరూ లేరు. అప్పుడు కూడా వంగి చూశాను. ఇది ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మార్చి 31, సోమవారం

గుమ్మం దగ్గర ఒకే జత. లెక్కపెట్టడానికేముంది. అయినా చూశాను.

ఏప్రిల్ 2, బుధవారం

కెమెరా స్టూడియోలో వదిలేసి, టికెట్టు తీసుకుని వెళ్ళాను. మూడో వరసలో కూర్చున్నాను. చూసేటప్పుడు అడ్డంగా పెట్టుకోవడానికి ఏమీ లేకపోతే చాలా కష్టంగా ఉంటుంది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను.

ఆవిడ స్టేజీ మీదికి వచ్చింది. నన్ను చూసింది, చూసినట్టు తెలిసింది. తన పని తను చేసుకుపోయింది. నేను ఆవిడ ఎటు చూస్తోందో లెక్కపెట్టలేదు. ముందు రెండుమూడుసార్లు లెక్కపెట్టాను, తర్వాత మానేశాను.

పక్కసీట్లో ఒక పెద్దాయన. చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముందుకి వంగి చూస్తున్నాడు. మూడో "అడిగానంతే" దగ్గర నాలుక చప్పరించి, నా వైపు వాలాడు.

"చూశారా వీణ్ణి. చెయ్యి ఎత్తడు, మాట తూలడు. ఆ పిల్లని ఎలా నమిలేస్తున్నాడో" అన్నాడు మెల్లిగా. "మా పెద్దల్లుడూ ఇంతేనండి. అడిగితే నేనేం చేశాను అంటాడు."

నేను స్టేజీ వైపే చూస్తూ కూర్చున్నాను.

"మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా వేస్తున్నారా ఇందులో?" అన్నాడు మళ్ళీ.

స్టేజీ మీద కషాయం కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆ కోటు నాదండి" అన్నాను.

పెద్దాయన ఒకసారి స్టేజీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "మంచి గుడ్డ" అన్నాడు. చేతికర్ర మోకాళ్ళ మధ్య నుంచి తీసి, నాకు దూరంగా అటు పక్కన పెట్టుకున్నాడు.